లేని మోకాలి నొప్పి

శ్రీమతికి,

ఇక్కడ నేనూ, మన గడుగ్గాయి కూతురూ కులాసాగా ఉన్నాం. ఓడలో అందరికీ వేళకి మందులిచ్చే నువ్వు, వేళకి తింటున్నావనే తలుస్తాను. నడిసముద్రంలో ఫోను అందదు గనక ఈ ఉత్తరాన్ని మీ ఓడ ఆగబోయే రేవుకి పంపుతున్నాను.

నీ ఉత్తరంలో అడిగినవి ముందు చెబుతాను. వంటింటి కొళాయి కారడం ఆగింది. పాపకి ఊగుతున్న పన్ను ఊడింది. చెరువు చుట్టూ బాట వెడల్పు చేశారు. మధ్యాహ్నమైతే ఆఫీసుల వాళ్లు మెడలోని కార్డులు చొక్కా జేబుల్లో కుక్కుకుని పరుగులే పరుగులు. మనం కొత్తగా వచ్చినప్పుడు ఇక్కడ ఉన్నవి మూడే అద్దాల మేడలు, నీళ్లదాకా ఒక మట్టి దారి. గుర్తుందా? మొదటి ఆదివారమే నీ ఆకుపచ్చ సైకిల్ బయటికి తీసి, "మీరూ ఒకటి అద్దెకు తీసుకోండి, కొండదాకా పోయొద్దాం" అన్నావు. నేను మోకాలు పట్టుకున్నాను.

"నొప్పా? చెప్పరేం! అయితే నడుద్దాం లెండి."

పద్నాలుగేళ్లుగా నడుస్తూనే ఉన్నాం. సైకిల్‌ని ఎదురింటి టీచరమ్మకి ఇచ్చేశావు. బాట మీద ఎవరైనా సైకిల్ మీద దూసుకుపోతే నీ మాట సగంలో ఆగేది. వాళ్లు మలుపు తిరిగాక మళ్లీ అందుకునేదానివి. నేను చూడనట్టే నడిచేవాణ్ణి. అయినా ఆ నడకలంటే నాకెంత ఇష్టమో! పాపకి పేరు అనుకున్నదీ, ఈ ఇల్లు కొందామనుకున్నదీ ఆ గట్టు మీదే.

"మోకాలికి నూనె రాసుకుంటున్నారా?" అని అడిగావు. దీనికి జవాబు రాయబోయి మూడు కాగితాలు చించాను. నా మోకాలికి ఏ జబ్బూ లేదు. నాకు సైకిల్ తొక్కడం రాదు. పదకొండేళ్లప్పుడు బడి ముందు పడితే అందరూ నవ్వారు, మళ్లీ ముట్టుకోలేదు. నీ దగ్గర పరువు పోతుందని ఆ ఆదివారం ఒక్క అబద్ధమాడాను. సాయంత్రం నువ్వు నూనె వేడిచేసి తెచ్చేసరికి ఇక నోరు పెగల్లేదు.

పోయిన నెల పాప సైకిల్ మీద కొండ దారికి తోడు రమ్మంది. అలవాటుగా మోకాలు పట్టుకున్నాను.

"నాన్నా, మొన్న నొప్పన్నది ఆ కాలు కాదుగా?"

దొరికిపోయాను. నిజం చెప్పేశాను.

"సైకిలే రాదా! అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"అమ్మో, అయిపోయావ్! రా, నేర్పిస్తా."

తొమ్మిదేళ్ల పిల్ల నా అద్దె సైకిల్ సీటు పట్టుకుని వెనక పరిగెత్తింది. రెండుసార్లు పొదల్లో పడ్డాను, పరాయి కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే మా విభాగమంతా చూస్తుండగానే. మూడో వారం పాప సీటు ఎప్పుడు వదిలేసిందో తెలియనే లేదు. నీళ్ల మీది గాలి మొహాన కొట్టింది. నీ దగ్గర్నుంచి నేను ఏం లాక్కున్నానో అప్పుడు తెలిసింది. దిగి గట్టు మీద కూలబడ్డాను.

టీచరమ్మ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆవిడ మెట్ల కింద కుండీల వెనక నుంచి నీ సైకిల్ లాగి, "మీ ఆవిడ దీన్నిచ్చిన రోజు ఒకసారి గంట మోగించి చూసుకుని వెళ్లింది" అంది. గొలుసూ, టైర్లూ కొత్తవి వేయించాను. రంగు మాత్రం ముట్టుకోలేదు.

కోప్పడు, ఎన్నాళ్లయినా సరే. కోపం తీరాక ఒక ఆదివారం నువ్వు ముందు వెళ్లు, నేను వెనక వస్తాను. నాకింకా ఎడమవైపు తిప్పడం రాలేదు. చెరువుని కుడిచేతి పక్కన ఉంచుకునే చుట్టి రావాలి మరి.

ఇట్లు,
దెబ్బలతో క్షేమంగా ఉన్న
నీ ఆయన