సాలెహ్ చెప్పిన ఊరు

చాంద్రాయణగుట్ట,
1949 జనవరి, శుక్రవారం.

ఫాతిమా,

తెలుగు చదవడం నేర్పుతానంటే నవ్వి తప్పించుకున్నావు. ఇప్పుడిది నువ్వు చదివేదీ లేదు. అయినా నువ్వు పోయి ఏడాది నిండిన ఈ రోజే నీ కొడుకు సాలెహ్ సంగతి తేలింది కనుక రాస్తున్నాను.

నిజాం సర్కారు పోయాక, పరదేశపు అరబ్బులను ఓడెక్కించి పంపడానికి పేర్లు రాస్తున్నారు. "మీది ఏ ఊరు?" అని అధికారి అడిగితే, సాలెహ్ ఛాతీ విరిచి "హద్రమౌత్" అన్నాడట. ఎవరడిగినా తాత పుట్టిన చోటే చెప్పడం మీ ఇంటి అలవాటు. వాడు సముద్రమే చూడలేదు. పేరు రాసుకున్నారు. ఆ తర్వాత నాలుగు రోజులు మన పెరళ్ల మధ్య తలుపు తెరుచుకోలేదు. చివరికి నీ కోడలు గోడ మీంచి చెప్పింది.

ఇవాళ వాణ్ణి వెంటబెట్టుకుని కచేరీకి వెళ్లాను.

"మీరేమైతరమ్మా ఈయనకు?" అన్నాడు అధికారి.

"పక్కింటిదాన్ని. వీడు పుట్టిననాడు మంత్రసానికి దీపం పట్టింది నేనే. గీడనే పుట్టిండు. ఊరు అడిగితే తాత ఊరు చెప్పిండు, గంతే."

"గిదేంది భాయ్, ముందే చెప్పొద్దా?" అని అతను నవ్వి, నా వాంగ్మూలం రాయించుకుని పేరు కొట్టేశాడు.

దారిలో సాలెహ్, "ఖాలా, పైనున్న తాతకు కోపమొస్తదేమో" అన్నాడు.

"మీ తాతతోని నేను మాట్లాడుకుంట. నువ్వు నడువు" అన్నాను.

ఇక జరగవలసినవి:

1. ఎవరడిగినా సాలెహ్ తనది చాంద్రాయణగుట్ట అనే చెప్పాలి.

2. వాడి పిల్లలు రేపటి నుంచి నా మనవలతో కూర్చుని తెలుగు నేర్చుకోవాలి. నవ్వి తప్పించుకోవడం కుదరదు.

3. పెరటి తలుపుకు వాడు భయంతో వేసిన గడియ తీయాలి. అది మీ వైపు ఉంది.