కట్ట కింది ఊట

సంతోషమ్మా,

చిత్తూరు పోతున్నాను, రేపు గానీ రాను. కట్ట పక్కన మిగులు నీళ్లు పొర్లిపోయే కలుజుకు అడ్డంగా బంగళావాళ్లు చేపల కోసం కట్టిన తడికను పీకేశాను. బంగళా కావలి మునెయ్య మళ్లీ తడిక కట్టబోతే కట్టనివ్వకు, నీళ్లు పోయే దారి లేకపోతే కట్ట తెగుతుంది. పీకింది నేనేనని చెప్పు.

పడవ షికారుకని బంగళా పాత యజమాని ముదలియారే వంక నీళ్లకు అడ్డంగా ఆ కట్ట వేయించాడు. ఇప్పుడు బాగుచేయమంటే "బంగళాతోపాటు అమ్మేసినాను" అంటాడు. కొన్నాయన "చేపలు నావి గానీ కట్ట నాది కాదప్పా, పత్రంలో లేదు" అంటాడు. ఆయన రేపే మద్రాసు పోతాడట. ఇవాళే చిత్తూరులో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలి.

నువ్వు గిన్నెలు తోమే ఊటను మాటిమాటికీ చూస్తూ ఉండు. అది కట్ట లోపలినుంచి వచ్చే నీళ్లే. తేటగా ఉన్నంతసేపు భయం లేదు. మట్టిరంగు తిరిగిందా, కట్ట లోపల కరుగుతున్నట్టే. గిన్నెలు అక్కడే వదిలేసి, గొడ్లను విప్పుకొని గుట్ట మీది మందిరానికి పో. నా కోసం చూడకు.

పోయేముందు మా వదినను పిలువు. కట్టకు ఆనుకొని ఉన్న ఇల్లు ఆమెదే. చింతచెట్టు తగవు నాటినుంచి మీకు మాటల్లేవని తెలుసు. ముందు ఆమే పలకాలని నీ పట్టు. ఇది పట్టుకు సమయం కాదు. గట్టిగా రాశానని ఏమనుకోకు. కుండలో సంగటి ఉంచాను, తిను.

మరిచాను. ఊట సంగతి నిన్న వదినకు చెప్పి, ఇల్లు వదిలి మన ఇంటికి రమ్మన్నాను. రాలేదు. "నీళ్లొస్తే సంతోషమ్మ నన్ను పిలవకుండా పోతుందా అప్పా" అనింది.