గంగమ్మ ప్రసాదం

నడిమిపేట,
ఎచ్చెర్ల మండలం.
22 జూన్ 2025, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి అనితకు,

మీ అత్త తాతమ్మ దీవించి రాయిస్తున్నది. నువ్వూ, నా మనవరాలు హేమా, మీ అమ్మానాన్నలూ ఒంట్లో బాగున్నారని గంగమ్మ మీద భారం వేసి అనుకుంటున్నాను. ఇక్కడ మేం బాగున్నామని రాయమన్నాను. వీడు కలం పట్టుకుని నా మొహంలోకి చూశాడు. సరే, బాగుపడుతున్నామని రాయమన్నాను.

చేతిరాత చూసి ఉత్తరం చించెయ్యకమ్మా. రాస్తున్నది నీ మొగుడే. నాకు అక్షరం ముక్క రాదు. పేటలో ఇంకెవరిచేతనైనా రాయిస్తే సాయంత్రానికి ప్రతి గుమ్మంలోనూ మన కథే చెప్పుకుంటారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఫోన్ చేస్తే మీ నాన్న ఎత్తి, నువ్వు పనిలో ఉన్నావని పెట్టేస్తున్నాడు. ఆయన్ను తప్పు పట్టను. నువ్వు నా కడుపున పుట్టిన పిల్లవైతే నేనూ అలాగే పెట్టేసేదాన్ని. అందుకే ఎండుచేపల మూటతో కోటబొమ్మాళి సంతకు వచ్చే దేవి చేతికి ఈ కాగితం ఇస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయాలని వీడికి ముందే చెప్పాను. నన్ను తిట్టిందీ రాయాలా అని అడిగాడు. 'నిన్ను తిట్టడానికే రాయిస్తన్నాను, రాయిరా' అన్నాను. నా మాట తీరు మాత్రం నచ్చక, బళ్లో నేర్చుకున్న భాషలోకి దిద్దుకుంటున్నాడు. దిద్దుకోనీ.

నువ్వు వెళ్లిపోయిన రోజు సంగతి నేను మరిచిపోలేదు. తప్పతాగి, పాపను భుజాన వేసుకుని, చచ్చిపోయిన లక్ష్ముడు పిలుస్తున్నాడంటూ వీడు సముద్రంలోకి దిగాడు. అల పాప నెత్తి మీదుగా పోయింది. నువ్వు నడుంలోతు నీళ్లలోకి పరిగెత్తి పిల్లను లాక్కున్నావు. ఆ తడిబట్టలతోనే ఆటో ఎక్కావు. నేను ఆగమనలేదు. ఏ మొహం పెట్టుకుని ఆగమంటాను? ఇదీ విడిచిపెట్టకుండా రాయమన్నాను.

లక్ష్ముడు పోయినప్పటి నుంచే కదా ఇదంతా. చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్న స్నేహం. ఒకే బోటులో చేపల వేటకు పోయారు. బోటు తిరగబడితే ఒకడే ఒడ్డుకు వచ్చాడు. 'సెయ్యి పట్టుకున్నానమ్మా, జారిపోనాది' అని వీడు రోజూ అదే మాట. నిద్ర పట్టక తాగుతున్నాడులే అనుకున్నాం. చెవిలో లక్ష్ముడి గొంతు వినిపిస్తోందంటే గాలి సోకిందని తాయెత్తు కట్టించాను. నువ్వు వెళ్లాక శ్రీకాకుళం ఆసుపత్రిలో చేరిస్తే, అక్కడి డాక్టరమ్మ ఆ తాయెత్తు చూసి వెక్కిరించలేదు. అది ఉంటే ఉండనీ, మాత్రలు మాత్రం మానకూడదు అంది. తాగుడూ జబ్బేనట. చెవిలో గొంతూ జబ్బేనట. రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయట.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపాక మాత్రలు నా బొడ్డుసంచిలోనే పెట్టుకుంటున్నాను. వీడు నోట్లో వేసుకుని నీళ్లు తాగేదాకా ఎదురుగా కూర్చుంటాను. డాక్టరమ్మ రమ్మన్న మంగళవారం చేపల గంప దించేసి వీడితో బస్సెక్కుతాను. బెల్టు షాపు హరిబాబు దగ్గరకూ వెళ్లాను. 'నా కొడుక్కి ఒక్క సుక్క పోసినావంటే నీ గుమ్మంలోనే కూకుంటాను, నీ బేరం ఎలా సాగుతాదో సూస్తాను' అన్నాను. వాడు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఇప్పుడు వేళకు అన్నం తింటున్నాడు. వల చిరుగులు కుట్టుకుంటున్నాడు. నవ్వడం ఒక్కటే లేదు. గోడ వైపు తిరిగి పడుకుంటాడు. నిద్రపోతున్నాడో లేదో నాకు తెలియదు. లైటు వేసినా ఇల్లు చీకటిగానే ఉంటోందమ్మా.

అసలు చెప్పాలనుకున్నది ఇది. వేట నిషేధం తీరి బోట్లు దిగిన రోజున మన పేట ఆచారం నీకు తెలుసు. బోటు నడిపే తండేలు సోములు కొత్త వలకు పసుపు కుంకుమ పెట్టి, బోటు ముక్కు మీద సారా పోసి గంగమ్మకు మొక్కాడు. మిగిలింది ప్రసాదమని గ్లాసులో పోసి బోటులో అందరికీ తిప్పాడు. కాదన్నవాడి వల్ల బోటుకు కీడని కదా మనవాళ్ల నమ్మకం. మావాడికి కొబ్బరినీళ్లు పొయ్యమని సోములుకు ముందే చెప్పాను. 'గంగమ్మ కాడ అలాటి యవ్వారం కుదర్దు వదినా' అన్నాడు. ఇంకేం చెయ్యను? ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. గ్లాసు వీడి దగ్గరకు వచ్చింది. అందుకున్నాడు. సముద్రం వైపు తిరిగి, వంగి, నీళ్లలో ఒంపేశాడు. నేనక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చాను. లక్ష్ముడు పోయాక సంతోషంతో ఏడవడం అదే మొదటిసారి.

అందుకే అడుగుతున్నాను. బళ్లు తెరిచారు. వచ్చే శుక్రవారం హేమను తీసుకుని రా. ఇక్కడి బడిలోనే వేద్దాం. నువ్వు రాకపోయినా నా కొడుకును నేను చూసుకుంటాను. కాని ఎవరి కోసం బాగుపడాలో వీడికి తెలియడం లేదు. పాప గౌను ఒకటి ఇక్కడే ఉండిపోయింది. ఉతికిందే మళ్లీ ఉతుకుతున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చాక వీడు చుక్క ముట్టలేదు. గంగమ్మ మీద ఒట్టేసి చెప్తున్నాను, నా మాట నమ్ము. ఈ ఒట్టు దగ్గర వీడు కలం ఆపేశాడు, ఒట్లెందుకమ్మా అన్నాడు. రాసి తీరాలన్నాను.

మీ అమ్మకూ నాన్నకూ నా నమస్కారాలు చెప్పు. పాపకు నా ముద్దులు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే అత్త,
తాతమ్మ (వేలిముద్ర)

తా.క.: అనితా, ఇది అమ్మ చెప్పగా రాసింది కాదు. నేను, నాగబాబును.

గ్లాసు నీళ్లలో ఒంపలేదు. గట్టు మీంచి అమ్మకు కనిపించింది నా వీపే. వంగి తాగేశాను. నేను కాదన్నాక బోటుకు ఏదైనా అయితే, 'మళ్లీ వీడి వల్లే' అంటారని భయమేసింది. ప్రసాదమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ సాయంత్రమే పక్క పేటకు పోయి తాగాను. నిన్న కూడా తాగాను. తాగినవాడు మాత్ర వేసుకుంటే ఏమవుతుందోనని దాన్ని నాలుక కింద దాచి, అమ్మ అటు తిరగ్గానే ఉమ్మేస్తున్నాను. లక్ష్ముడు మళ్లీ పిలుస్తున్నాడు. ఇది రాస్తున్నప్పుడు కూడా పిలుస్తున్నాడు. అమ్మ ఒట్టు నమ్మి నువ్వు వస్తే పాప నా పక్కనే పడుకుంటుంది. నాకే నా మీద నమ్మకం లేదు. పాపను తీసుకురావద్దు.

'ఇంకా ఏటి రాస్తన్నావురా' అని అమ్మ అడుగుతోంది. పాపకు నా ముద్దులు రాస్తున్నానని చెప్పబోయి ఆగాను. ఆవిడ నా గురించి గంగమ్మ మీద ఒట్టేసింది. ఇది కూడా చదివి వినిపించాకే కాగితం మడుస్తాను.

చదివాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. 'మంగళారం దాకా ఏటి, రేపే డాక్టరమ్మ కాడికి పోదాం' అంది. ఈ ఉత్తరం చించేసి ఇంకోటి రాయనా అని అడిగాను. వద్దంది. పాప గౌను ఒళ్లో పెట్టుకుని మడత పెడుతూ, 'ఆ ఆకరి మాట మళ్లీ రాయి, పెద్ద అచ్చరాల్తో రాయి' అంది. రాస్తున్నాను.

పాపను ఇప్పుడు తీసుకురావద్దు.