నా సన్నగొట్టం తుపాకీ ఎవరికి చెందాలంటే

వ్యోమింగ్ రాష్ట్రం, బ్రష్ ఫోర్క్ ఊరికి ఉత్తరాన, గాలిమరలూ నీటి పంపులూ బాగుచేసే షెడ్డునే ఇల్లుగా చేసుకుని కాపురముంటున్న ఎల్డెన్ రాయ్ స్ట్రిక్లర్ అనే నేను, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, పూర్తి తెలివిలో ఉండి, ఒక్క చుక్క కూడా తాగకుండా, ఎవరి బలవంతమూ బోధనా లేకుండా రాసుకుంటున్న ఆఖరి వీలునామా ఇది. బలవంతం చేయడానికైనా, బోధించడానికైనా ఈ ఇంట్లో నేను తప్ప మనిషి లేడు. ఇంతకు మునుపు నేను ఏ కాగితం మీద ఏం రాసి ఉన్నా అది చెల్లదు.

నా మతి నిలకడగానే ఉంది. నిలకడ లేనిది కుడిచెయ్యి. అందుకే దీన్ని టైపు మిషన్ మీద కొడుతున్నాను. అక్కడక్కడ ఒకే అక్షరం రెండుసార్లు పడి ఉంటే అది చేతి వణుకే గాని మతి చలించడం కాదని కోర్టువారు గమనించవలెను.

ఒకటి. నా అనంతరం ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత పక్క పశువుల దొడ్డి యజమాని హార్లన్ పీబాడీకి అప్పగిస్తున్నాను. పక్క అంటే మధ్యలో రెండు కొండలున్నాయి. ఇతనికి నా ఆస్తిలో ఏమీ ఇవ్వడం లేదు. అడిగితే, “నాకెందుకు పెద్దాయనా, నా షెడ్డులో పడున్న తుక్కే ఎత్తిపోసే దిక్కు లేదు” అన్నాడు. మంచివాడు. మాట్లాడటం మొదలుపెడితే మాత్రం ఆపడు. నాకది ఒకప్పుడు విసుగు. ఈమధ్య అతని బండి చప్పుడు వినబడితే ముందే కాఫీ పెట్టి ఉంచుతున్నాను.

రెండు. నా చెల్లెలి కొడుకు డ్వేన్‌కు నా పికప్ బండి, ఫ్రిజ్, షెడ్డు, షెడ్డు కింది నేల సర్వహక్కులతో చెందవలెను. తుపాకులలో ఏ ఒక్కటీ, వాటి మరమేకు కూడా, ఇతనికి చెందరాదు. కారణం రాస్తున్నాను. కిందటి థ్యాంక్స్‌గివింగ్ పండక్కి వచ్చినప్పుడు నేను తుపాకీ మందును త్రాసులో వేసి, ఒక్కొక్క పలుకు పట్టకారుతో తీసి తూకం సరిచేస్తుంటే, ఇతను చిప్స్ నములుతూ, “ఏంటి మావయ్యా, పిడికెడు ఉడతను కొట్టడానికి ఇంత తతంగమా? రాయి పెట్టి కొడితే చావదా?” అన్నాడు. ఆ చిప్స్ చేత్తోనే తుపాకీ గొట్టం పట్టుకున్నాడు. ఇతను మంచివాడు కాదని నేననడం లేదు. నా సామాను కంప్యూటర్లో ఫోటో పెట్టి ఎవరికో అమ్మేస్తాడు, అంతే.

మూడు. నా లేతు మిషన్, దాని ఉలులు, కొలత పరికరాలన్నీ డ్వేన్ కూతురు జోసీకి. బొగ్గు గనిలో వెల్డింగ్ పని చేస్తుంది. ఈ ఇంట్లో అడుగుపెట్టిన వాళ్లందరిలో, “తాతయ్యా, ముట్టుకోవచ్చా?” అని అడిగి ముట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే. అమ్మా జోసీ, ఆ మిషన్ ఎడమవైపు కొంచెం వాలి ఉంటుంది. కాలికింద పేక ముక్క పెట్టాను. అది తియ్యకు.

నాలుగు. తూర్పు వాలు మీద బొరియలు తవ్వుకుని, హార్లన్ గడ్డి తిని, అతని ఎర్రగుర్రం బొరియలో కాలుపడి విరగ్గొట్టుకునేలా చేసిన నేల ఉడతలకు నేను ఏమీ రాసివ్వడం లేదు. వాటికి రావలసింది అవే తీసుకున్నాయి. కానీ ఇన్నేళ్లలో నాకు ఎక్కువసేపు తోడున్నవీ అవే. ఎండలో బొరియ మీద నిలబడి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నావైపే చూస్తుంటాయి. ఈ ఏడు ఒక్క గుండూ పేలలేదు కదా, భయం పోయి షెడ్డు దాకా వచ్చేస్తున్నాయి.

అయిదు. ఇక అసలు సంగతి. ఈ వీలునామా అంతా దీనికోసమే, మిగతావన్నీ దీని వెనక వచ్చినవి.

నా దగ్గర సన్నగొట్టం తుపాకీ ఒకటుంది. వేసే గుండు బఠాణీ గింజ కంటే చిన్నది. గొట్టం మాత్రం గునపంలా బరువు. దాన్ని కొన్నది ఒక దుకాణంలోనే గాని, ఇప్పుడందులో దుకాణం వాడిది ఏదీ మిగల్లేదు. గొట్టం నేను బిగించాను. కట్టె నేను చెక్కాను. కట్టెలో ఇనుము కూర్చునే చోట జిగురు పోసి, వెంట్రుకంత సందు లేకుండా అచ్చు గుద్దినట్టు కూర్చోబెట్టాను. అక్కడినుంచి ముందుకు గొట్టం దేన్నీ తాకదు. కట్టెకూ గొట్టానికీ మధ్య కాగితం పెట్టి లాగితే ఆ చివరిదాకా సాఫీగా జారిపోవాలి. ఎక్కడైనా పట్టిందంటే, వేడెక్కినప్పుడు గుండు పక్కకి పోతుంది. తూటా తూటాకీ ఇత్తడి తొడుగు మెడను గీకి ఒకే మందానికి తెచ్చాను. ఇదంతా ఎందుకని అడిగేవాళ్లకు ఒక్కటే చెబుతాను. గురిపెట్టిన చోటికి గుండు పోతే నాకు కడుపు నిండినట్టుంటుంది. పోకపోతే ఎందుకు పోలేదో తెలిసేదాకా అన్నం సయించదు.

ట్రిగ్గర్ కూడా నేనే సానబట్టాను. ఊపిరి తగిలితే పేలుతుందా అన్నంత తేలిక చేశాను. అదే నా మెడకు చుట్టుకుంది. కిందటేడే నా వేలు అక్కడికి చేరేలోపే, చేరాలని అనుకుంటుండగానే పేలడం మొదలైంది. “మర బిగించి గట్టిచేసుకోవచ్చుగా పెద్దాయనా” అంటాడు హార్లన్. చేసుకోవచ్చు. అప్పుడది వేరే తుపాకీ అవుతుంది. నేను మారానని దాన్ని మార్చడం నాకు సమ్మతం కాదు.

దాని గొట్టంలో ఇంకా ప్రాణముంది. ఇటువంటి గొట్టాలు కాలి కాలి లోపల గరుకెక్కి ఒకరోజు చచ్చిపోతాయి. ఇది చావలేదు. మిగిలిన ఆ మంచి గుళ్లను ఎవరో ఒకరు కాల్చాలి. అది గోడకెక్కి దుమ్ము పడితే, నేను పోయినదానికంటే నాకు అదే ఎక్కువ బాధ. ఎవరో ఒకరని రాశాను గాని, ఆ ఒకరు ఎవరో నాకు బాగా తెలుసు.

ఆరు. పై తుపాకీని, దాని మీది దుర్భిణినీ, దాన్ని ఆనించే ఇసుక సంచులనూ, గాలి వాటం చూసే జెండాలనూ, ఇదే కౌంటీ నివాసి, కీర్తిశేషుడు గస్ వైకాఫ్ భార్య అయిన వెర్లా వైకాఫ్‌కు సర్వహక్కులతో రాసి ఇస్తున్నాను. ఇది చదివి హార్లన్ నోరు తెరుస్తాడు. ఎందుకంటే ఆమెకూ నాకూ ఉన్న తగవు ఈ చుట్టుపక్కల తెలియనివాడు లేడు.

తగవు ఏమిటో కోర్టువారి కోసం రాస్తాను. మా తుపాకీ క్లబ్బులో పోటీకి అయిదు గుళ్లు కాల్చాలి. అయిదూ ఎంత దగ్గరగా పడితే అంత గెలుపు. కాగితం వెనక ఇంకో కాగితపు చుట్ట మోటారు మీద మెల్లగా జరుగుతుంటుంది. ముందు కాగితంలో ఒకే బెజ్జంలోంచి రెండు గుళ్లు దూరినా, వెనకది జరిగి ఉంటుంది కాబట్టి అక్కడ రెండు బెజ్జాలు వేరువేరుగా పడతాయి. లెక్క తేలిపోతుంది. నా జన్మలో నేను బాగా కాల్చిన రోజున ఆ మోటారు ఆగిపోయింది. ముందు కాగితంలో ఒకే ఒక్క బెజ్జం. వెనక కాగితంలోనూ ఒకే ఒక్క బెజ్జం. ఆరోజు లెక్క చూసే మనిషి వెర్లా. కళ్లజోడు పైకీ కిందకీ జరుపుకుని చూసి, అందరి ముందూ, “నాలుగే. అయిదోది కాగితానికి తగల్లేదు” అంది. నేను అయిదూ ఇందులోంచే పోయాయన్నాను. “ఏమయ్యా ఎల్డెన్, గాలి ఒక్కసారి విసిరింది నేను చూశా. నీ అయిదో గుండు కొండకి తగిలుంటుంది, పోయి కొండనడుగు” అంది. జనం పగలబడి నవ్వారు. నా కాగితాన్ని లెక్కలోంచి కొట్టేశారు.

అవి అయిదే. ఈ విషయంలో నేను చచ్చేముందు కూడా మెట్టు దిగడం లేదు.

అయితే ఆ తరవాత నెలనెలా ఆదివారం పక్కపక్క బల్లల మీదే కూర్చున్నాం. ఒకరితో ఒకరం మాట్లాడుకున్నది దెప్పుళ్లే. నా జెండా చిరిగితే, “కొత్తది కుట్టుకోవయ్యా, నీ లంగోటీ ఎగరేసినట్టుంది” అనేది. ఆమె గుండు పక్కకిపోతే, “కొండకి తగిలిందా తల్లీ?” అని నేననేవాణ్ణి. గస్ చనిపోయిన నెలలో కూడా వచ్చింది. ఆరోజు నేనేమీ అనలేదు. “ఏం, నోరు పడిపోయిందా? ఎప్పటిలా తిట్టు” అంది. తిట్టాను. ఆమె కళ్లు తుడుచుకుని కాల్చి, నన్ను ఓడించింది. ఒకరొకరే పోగా, రాలేకపోగా, ఆఖరికి ఆ బల్లల వరసలో మేమిద్దరమే మిగిలాం. చెయ్యి వణకడం మొదలయ్యాక నేనూ మానేశాను. ఇప్పుడక్కడ ఆమె ఒక్కతే కూర్చుంటోందని హార్లన్ చెప్పాడు. ఆమె బండి అప్పుడప్పుడు నా గేటు దగ్గర నెమ్మదించి మళ్లీ పోతుంది. నేను కిటికీలోంచి చూస్తాను. బయటికి వెళ్లను. వణికే చెయ్యి ఊపితే ఆమె ఏమంటుందో నాకు తెలుసు.

ఆమె అంటే నాకు ఇష్టం. చాలా ఏళ్లుగా ఇష్టం. ఇది మనిషి ముందు చెప్పే మాట కాదు గనక, నేను పోయాకే చదువుతుంది గనక ఇక్కడ రాస్తున్నాను. తుపాకీ ఇస్తున్నది తగవు తీర్చుకోవడానికి కాదు. దాని వెనక ఆమె కూర్చుంటే బాగుంటుంది. అంతే.

ఏడు. నన్ను పూడ్చేటప్పుడు ఉపన్యాసాలు వద్దు. పాటలు వద్దు. ఎవరూ రాకపోతే హార్లన్ ఒక్కడే మాట్లాడతాడు, ఆ లోటు ఉండదు.

ఎనిమిది. పైన పేర్కొననిది ఏది మిగిలినా, ఎవరికీ చెల్లకుండా పోయింది ఏది ఉన్నా, అది డ్వేన్‌కు చెందవలెను.

తొమ్మిది. ఈ క్లాజు నేను రాయాలనుకున్నది కాదు. జరిగింది జరిగినట్టు ఇప్పుడే టైపు కొడుతున్నాను.

చేత్తో రాసిన వీలునామాకు ఈ రాష్ట్రంలో సాక్షులు అక్కర్లేదు. టైపు కొట్టినదానికి ఇద్దరు కావాలి. వీలునామాలో ఏదైనా పొందేవాళ్లు సాక్షి సంతకం పెడితే, వాళ్లకు రాసింది వాళ్లకు దక్కదు. లాయరు ఈ సంగతి నాకు విడమరచి చెప్పాడు. హార్లన్‌నూ, అతని భార్యనూ రమ్మన్నాను. భార్య కూతురి పురిటికి పోయిందట. అతను ఆ ముక్క నాకు ఫోన్ చేసి చెప్పొచ్చు. చెప్పలేదు. దారిలో ఎదురైన బండి ఆపి, “ఓ చిన్న సంతకం పెట్టాలి, రావమ్మా” అని ఎవరినో వెంటబెట్టుకొచ్చాడు. ఆ ఎవరో వెర్లా.

నేను కాగితాల మీద టోపీ పెట్టాను. సాక్షి లోపలిది చదవనక్కర్లేదు, నేను సంతకం పెడుతుండగా చూస్తే చాలు అన్నాను. అది నిజం, లాయరు చెప్పిన మాటే. “చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదయ్యా” అని టోపీ తీసి నా చేతికిచ్చింది. పొయ్యి దగ్గర నిలబడి మొదటి పేజీ చదివింది. రెండోది చదివింది. హార్లన్ అంతసేపూ నోరు మూసుకుని ఉండటం నేను చూడటం ఇదే మొదలు. నాకు బయటికి పోదామనిపించింది, కానీ ఇది నా ఇల్లు, ఎక్కడికని పోను?

చదవడం అయ్యాక కళ్లజోడు తుడుచుకుంది. “ఇందులో ఒక తప్పుంది. అవి నాలుగే” అంది. కాగితాలు సర్ది బల్ల మీద పెట్టి, “మిగతాదంతా సరిగ్గానే ఉంది” అంది.

నేను లాయరు చెప్పిన సంగతి ఆమెకు వివరించాను. నువ్వు సంతకం పెట్టకు, పెడితే తుపాకీ నీకు రాదు, ఎనిమిదో క్లాజు ప్రకారం డ్వేన్‌కి పోతుంది, రేపు రోడ్డు మీద ఇంకెవరినైనా పట్టుకుందాం అన్నాను. నేను చెబుతుండగానే హార్లన్ జేబులోంచి కలం లాక్కుంది. “నువ్వు చచ్చాక వచ్చే తుపాకీ నాకెందుకయ్యా? పక్క బల్ల మీద తిట్టేవాడు లేక నా గురి పాడైపోతోంది. బతికుండగా చేతికియ్యి. నేను కాలుస్తా, నువ్వు గాలి చెప్పు. నీ కళ్లు వణకటం లేదుగా?” అంది.

లేదన్నాను.

కావున ఇందుమూలంగా తెలియజేయునది: ఆరో క్లాజు చెల్లదు. పై తుపాకీని ఈరోజే, సాక్షి హార్లన్ చూస్తుండగా, నా చేతులతో వెర్లా వైకాఫ్ చేతుల్లో పెట్టాను. నా చెయ్యి వణికింది. ఆమె ఏమీ అనలేదు. నేను చనిపోయాక డ్వేన్ గాని, మరెవరైనా గాని దానికోసం ఈ ఇంట్లో వెతకవద్దు.

అక్టోబరు పధ్నాలుగు, రెండువేల పదకొండు, శుక్రవారం.

ఎల్డెన్ రాయ్ స్ట్రిక్లర్
(వీలునామా రాసినవాడు)

సాక్షులు:

హార్లన్ పీబాడీ

వెర్లా వైకాఫ్
సాక్షిగా మాత్రమే. ఆదివారం గాలి లేవకముందే బండి తీసుకొస్తా, గేటు దగ్గర ఉండు.