బాబాయి దులిపిన గెలాక్సీ

జూన్ 12, ఉదయం

బాబాయికి నమస్కారాలు.

లేవగానే పిడుగు! వచ్చే వారం ఉండాల్సిన నా ఉపన్యాసాన్ని మా మేడం ఎల్లుండికి జరిపారు. గెలాక్సీలో వాయువు నిలకడను దుమ్ము ఏం చేస్తుందో చూపించాలి. ('స్థిరత్వం' కన్నా 'నిలకడ' ఎంత ముద్దుగా ఉందో!) చూపించలేకపోతే నాకు పరిశోధన సీటు లేనట్టే. నువ్వు చూసుకునే పెద్ద కంప్యూటర్లో నా లెక్క ఇవాళే వేయించు. మీ గదిలోకి ఫోను రానివ్వరు కాబట్టి ఈ ఉత్తరం, పెన్‌డ్రైవ్ మా బస్సు డ్రైవరన్న చేత పంపుతున్నాను.

నీ అమ్మడు

తా.క.: లెక్క నిండా దుమ్మే. కంగారు పడకు.

జూన్ 12, రాత్రి

అమ్మడికి ఆశీస్సులు.

కంగారు పడనా? చెప్పులతో వచ్చారని డైరెక్టరుగారినే గుమ్మంలోంచి వెనక్కి పంపినవాణ్ణి! నీ లెక్కలో 'దుమ్ము ఎంత' అన్నచోట అంకె చూసి ఊరుకుంటానా?. తీసేసి సున్నా పెట్టాను. ఫలితం అద్దంలా వచ్చింది, పంపుతున్నా. అన్నట్టు, ఏడాదిలో మూడు హాస్టళ్లు మారినదానివి, నువ్వా నిలకడ గురించి చెప్పేది?

బాబాయి

తా.క.: పెన్‌డ్రైవ్ కూడా గుడ్డతో తుడిచాను.

జూన్ 13, ఉదయం

బాబాయ్, కొంప ముంచావు!

ఆ దుమ్మే వాయువుకి గొడుగు. నక్షత్రాల వెలుగును అడ్డుకుంటుంది, లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. అప్పుడు వాయువు చల్లబడి, తన బరువు తానే మోయలేక, ముద్దలుగా కుంగిపోతుంది. ఆ ముద్దలే నక్షత్రాలవుతాయి. నీ శుభ్రమైన గెలాక్సీలో వాయువు వేడెక్కి, అలిగిన మావయ్యలా ఉబ్బి కూర్చుంది. ఒక్క చుక్కా పుట్టలేదు! నా అంకె మళ్లీ పెట్టు, నీకు దణ్ణం పెడతా.

ఏడుస్తూ,
అమ్మడు

తా.క.: వాయువులో దుమ్ము నూరో వంతే. దాన్నీ బతకనివ్వలేదా?

జూన్ 13, సాయంత్రం

అమ్మడూ,

పాతికేళ్లుగా దులిపిన ఈ చేతులతోనే దుమ్ము పోశాను. తెర మీద కుప్పలు కుప్పలుగా నక్షత్రాలు! నోరు తెరుచుకుని చూస్తుంటే మీ మేడం వచ్చారు. నిన్నటిదీ ఇవాళ్టిదీ, రెండు బొమ్మలూ పక్కపక్కనే కనబడ్డాయి. "దుమ్ము లేని లెక్క కూడా వేయించిందా! అది లేకపోతే తేడా తెలిసేదెలా? ఇదొక్కటీ మరిచిపోతుందేమోనని భయపడ్డాను" అన్నారు. నేనే దులిపానని ఒప్పేసుకున్నాను. పడీ పడీ నవ్వి, "రేపు రెండూ చూపించమనండి, ఆ దుమ్ము దులిపినవారినీ తీసుకురమ్మనండి" అన్నారు. ఆవిడ చెప్పులతోనే వచ్చారే! నేనే కుర్చీ వేశాను.

రేపు ఉదయం రెండు బొమ్మలతో హాలు గుమ్మంలో ఉంటాను.

బాబాయి

తా.క.: ముందే వచ్చి బల్లలు తుడుద్దామనుకున్నాను. వద్దులే, చీపురు ఇంట్లోనే పెట్టి వస్తాను.