డ్రై ఫోర్కులో పంతొమ్మిదో ఓటు

డ్రై ఫోర్క్, నెబ్రాస్కా
1958 నవంబరు 6

ప్రియమైన ఎవరెట్,

మళ్ళీ కాంగ్రెస్‌కి గెలిచావు. హార్లో టౌన్లో హోటల్లో నీకు బాజాలు మోగించి ఉంటారు. నేను రేడియోలో విని ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. కుక్క లేచి నావంక అదోలా చూసింది. అక్కణ్ణుంచే వాషింగ్టన్ రైలెక్కావని పేపర్లో చదివాను.

ఇక మన ఊరి సంగతి. బడిలోనే పోలింగు. ఆడవాళ్ళం ఆపిల్ పైలు తెచ్చాం, లాడ్ వోపట్ తన చేత్తో చేసిన కోలాచీ తీపి రొట్టెలు తెచ్చాడు. భార్య పోయాక వంట బాగా పట్టుబడింది అతనికి. సాయంత్రం ఎప్పటిలాగే అతను ఓట్లు విప్పి చదివాడు, ఇద్దరు ఆడవాళ్ళు గీతలు గీశారు. ఒక కాగితం దగ్గర ఆగాడు. దాన్ని మిగతావాటి అడుగున పెట్టి, "ఇది ఆ పళ్ళ డాక్టరుకి," అన్నాడు.

నీకు పద్దెనిమిది, నీమీద నిలబడ్డ ఆ డాక్టరుకి ఒకటి. ఆరు ఎన్నికలుగా ఒక్క ఓటూ బయటికి పోని ఊళ్ళో ఇలా జరిగేసరికి ఎవరూ రెండో పై ముక్క అడగలేదు. లాడ్ పెట్టెకు తాళమేసి, హార్లోలో అప్పగించడానికి ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు. ఆ పళ్ళ డాక్టరుకి ఈ ఊళ్ళో ఒక్క పన్నుతో కూడా పరిచయం లేదు, పాపం. ఒక్క ఓటే కదా, మనసులో పెట్టుకోకు.

ఇక్కడ గాలి మొదలైంది. పడమటి కిటికీకి దుప్పటి కట్టాను.

నీ
వెర్లా


వాషింగ్టన్
1958 నవంబరు 24

ప్రియమైన వెర్లా,

నియోజకవర్గం మొత్తమ్మీద పదకొండు వేల ఆధిక్యం వచ్చింది. అయినా ఆ ఒక్క ఓటు పంటికింద రాయిలా ఉంది. ఇక్కడ భోజనాల దగ్గర తూర్పు నియోజకవర్గం సభ్యుడొకడు నవ్వుతూ, "స్కోగ్లండ్, సొంతూళ్ళో జారిపోతున్నావట," అన్నాడు. పేపర్ల పుణ్యం.

ఆ ఓటు ఎవరిదో నీకేమైనా తెలుసా? తెలిస్తే రాయి. కోపం తెచ్చుకోనని మాటిస్తున్నాను.

సమావేశాలు మొదలయ్యేలోపు పడమటి కౌంటీలన్నీ ఓసారి చుట్టి రావాలి. క్రిస్మస్‌కి ఒక పూట ఇంటికి రావడానికి చూస్తాను.

ప్రేమతో,
ఎవరెట్


డ్రై ఫోర్క్
1959 ఫిబ్రవరి 9

ప్రియమైన ఎవరెట్,

క్రిస్మస్‌కి వస్తావని బాతును కోశాను. నాలుగు రోజులు తిన్నాను.

నీ ఉత్తరాల అడుగున చిన్న అక్షరాల్లో నీ టైపిస్టు మిస్ ప్రూయిట్ పొడి అక్షరాలు ఉంటున్నాయి. 'ప్రేమతో' అన్న మాట కూడా ఆ అమ్మాయే టైపు చేసిందా, లేక అదొక్కటీ నువ్వు కొట్టావా? ఊరికే అడుగుతున్నాలే.

నువ్వు మొదటిసారి నిలబడ్డప్పుడు మన నియోజకవర్గం పదకొండు కౌంటీలు. నాన్న కాలంలో అయితే ఏడే. అప్పటి సభ్యుడు గుర్రబ్బండి మీద తిరిగి వారం తిరక్కుండా ఇంటికొచ్చేవాడట. కరువుకి సగం జనం పోయారు, గీతలు చెరిపి పంతొమ్మిది కౌంటీలు చేశారు. యుద్ధం తర్వాత మళ్ళీ పోయారు, ఇరవయ్యారు చేశారు. జనం తగ్గేకొద్దీ నేల పెరుగుతోంది, నేల పెరిగేకొద్దీ నువ్వు దూరమవుతున్నావు. మ్యాపు చూస్తే నాకు అదే కనబడుతుంది.

ఓటు సంగతి అడిగావు. ఊరంతా లాడ్ అంటున్నారు. నువ్వు ఆనకట్ట బిల్లుకి మద్దతిస్తే అతని గడ్డిమైదానం మునుగుతుందని సంతలో నీతో వాదించాడుగా. చర్చి బయట మన ఊరి గస్ ఆమన్ అతన్ని పట్టుకుని, "నువ్వేనా?" అని మొహంమీదే అడిగాడు. లాడ్ టోపీ సర్దుకుని, "ఓటు రహస్యం కదయ్యా," అన్నాడంతే. కాదని అనలేదు.

నాకు మాత్రం అతనని అనిపించడం లేదు.

వెర్లా


వాషింగ్టన్
1959 మార్చి 2

ప్రియమైన వెర్లా,

ఈ ఉత్తరం నా చేత్తోనే రాస్తున్నాను, చూసుకో.

లాడ్ కాదని నీకెందుకు అనిపిస్తోంది? నీకేదో తెలిసే ఉంటుంది. అందరూ అతనని అనుకుంటే నేను చేయగలిగేదేముంది? అతను కాదంటే సరిపోయేదానికి నోరు మెదపకపోతే, మౌనం అర్ధాంగీకారమే అంటారు జనం.

నువ్వు తలుపులు వేసుకుని జాగ్రత్తగా ఉండు.

ఎవరెట్


డ్రై ఫోర్క్
1959 మే 27

ఎవరెట్,

నిన్న లాడ్ దూడలకు ముద్రలేసే రోజు. ఒక్కరూ రాలేదు.

ఇది నీకు వివరించక్కర్లేదు. ఏటా ఒక్కో ఇంటికీ అందరం వెళ్తాం, తాళ్ళు పట్టేవాళ్ళు, ఇనుము కాల్చేవాళ్ళు, వండిపెట్టేవాళ్ళు. లాడ్ మనింటికి పదిహేడేళ్ళుగా వస్తున్నాడు. నువ్వు లేని ఏళ్ళలో నీ గుర్రమెక్కి నీ పని కూడా అతనే చేశాడు. నిన్న తొమ్మిదింటికి నేను బంగాళాదుంపల గిన్నె పట్టుకుని వెళ్తే, రెండువందల పది దూడలు దొడ్లో అరుస్తున్నాయి, నిప్పు రాజుకుని ఉంది, ఇరవైమందికి పళ్ళేలు వేసి ఉన్న బల్ల దగ్గర అతనొక్కడే కూచుని ఉన్నాడు.

"కారు చెడిపోయిందేమో వాళ్ళకి," అన్నాడు నన్ను చూసి.

"ఆరు కార్లూనా?" అన్నాను.

"నువ్వు కూడా రాకుండా ఉండాల్సింది వెర్లా. ఎవరెట్‌కి మాటొస్తుంది."

నేను ఇనుము కాల్చాను, అతను దూడల్ని పడేశాడు. చీకటి పడేసరికి నలభై ఒకటి అయ్యాయి. నా చేతులు బొబ్బలెక్కాయి.

ఎవరెట్, నిన్ను బతిమాలుకుంటున్నాను. గస్‌కి ఒక్క ముక్క రాయి. లాడ్ మీద నీకు కోపం లేదని రాస్తే చాలు, వచ్చేవారం అందరూ వస్తారు. నీ మాట అంటే వీళ్ళకి వేదం.

వెర్లా


వాషింగ్టన్
1959 జూన్ 8

ప్రియమైన వెర్లా,

నేను రాస్తే, కాంగ్రెస్ సభ్యుడు ఒకరి ఓటు గురించి ఊరిని నిలదీస్తున్నాడని పేపర్లకెక్కుతుంది. వచ్చే ఏడాది మళ్ళీ ఎన్నికలు. కొన్నాళ్ళకి వాళ్ళే మరిచిపోతారు.

నీ చేతులకి వెన్న రాసుకో.

ఎవరెట్


డ్రై ఫోర్క్
1962 జూన్ 3

ప్రియమైన ఎవరెట్,

మూడేళ్ళుగా మనం వాతావరణం గురించీ ఆవుల ధర గురించీ రాసుకున్నాం. ఈ ఉత్తరం అలాంటిది కాదు.

జనాభా లెక్కలొచ్చి మన నియోజకవర్గాన్నే తీసేశారు. మనల్ని తీసుకెళ్ళి తూర్పు నియోజకవర్గంలో కలిపారు, ఇద్దరు సభ్యులకి ఒకటే కుర్చీ మిగిలింది, మొన్న పార్టీ అభ్యర్థి ఎన్నికలో అది నీకు దక్కలేదు. నీకెంత కష్టంగా ఉందో నాకు తెలుసు. ఫోను చేయాలనుకున్నాను. కానీ మన ఫోను లైను ఆరిళ్ళకీ ఒకటే, అందరూ వింటారు, ఇది వాళ్ళు వినాల్సింది కాదు.

లాడ్ మొన్న శుక్రవారం వెళ్ళిపోయాడు. పశువుల్ని అమ్మేశాడు. ముద్రలేయడానికి మనుషుల్లేని పశువుల్ని ఎన్నాళ్ళు పెట్టుకుంటాడు? అరవై రెండేళ్ళ వయసులో ఎక్కడో దూరాన యాకిమాలో కూతురింటికి చేరాడు. 1960లో పంతొమ్మిదికి పంతొమ్మిదీ నీకే పడితే, "లాడ్‌కి బుద్ధొచ్చింది," అని నవ్వుకున్నారు తప్ప అతని గడప తొక్కలేదు. చర్చిలో అతని పక్క బల్ల మీద ఎవరూ కూచోలేదు. నేను కూడా కూచోలేదు. చాటుగా రొట్టె తీసుకెళ్ళేదాన్ని, నలుగురి ముందు మాత్రం మిగతావాళ్ళతో ఉండేదాన్ని.

ఆ ఓటు నాది, ఎవరెట్.

ఎనభై దాటిన ముసలివాళ్ళు కూడా నీకు వేశారు, నీ భార్య వేయలేదు. నాలుగేళ్ళు తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఒక మనిషి బతుకు నా కళ్ళముందే ఖాళీ అయిపోతుంటే చూస్తూ కూచున్నాను. అతను ట్రక్కెక్కేటప్పుడు చెప్పేద్దామని పరిగెత్తాను. "లాడ్, ఆ ఓటు..." అనేసరికే, "చలిగా ఉంది, లోపలికెళ్ళు," అన్నాడు. జూన్ నెలలో.

ఎవరిదని నువ్వు వరసగా రెండు ఉత్తరాల్లో అడిగావు. ఎందుకు వేసి ఉంటారని ఒక్కసారీ అడగలేదు.

జనవరిలో నీ పదవి అయిపోతుంది. ఎక్కడికెళ్తావో నాకు తెలియదు. ఇల్లు ఇక్కడే ఉంది.

వెర్లా


వాషింగ్టన్
1962 జూన్ 10

నా వెర్లా,

నాకు తెలుసు. మొదటిరోజు నుంచీ తెలుసు.

ఆ సాయంత్రం లాడ్ ఓట్ల పెట్టె అప్పగించి నేరుగా హోటలుకొచ్చాడు. బాజాలు మోగుతున్నాయి. నన్ను కోట్లు తగిలించే గదిలోకి లాక్కెళ్ళి తలుపేసి, ఆ ఓటు నీదని చెప్పాడు. పెళ్ళికి ముందు పన్నెండేళ్ళు ఆ బడిలోనే పాఠాలు చెప్పావు, తప్పు లెక్కమీద నువ్వు కొట్టే ఇంటూ గుర్తులు ఎలా ఉంటాయో ఆ ఊళ్ళో పిల్లలున్న ప్రతి తండ్రికీ తెలుసు. కాగితం చిరిగేలా నొక్కి, చివర తోకలా లాగుతావు, ఆ ఓటు మీదా అదే గుర్తు. మిగతా ఇద్దరికీ కనబడకుండా దాన్ని అడుగున పెట్టేశానన్నాడు.

నేను నమ్మలేదు. తిట్టాను కూడా. ఆ తర్వాత, ఈ సంగతి బయటికొస్తే నా గతేంటని అడిగాను. నిన్ను గురించి అడగలేదు వెర్లా, నన్ను గురించే అడిగాను.

"నామీద పడనీ. నేను కాదననులే, ఎలాగూ నీతో తగువు పడ్డవాణ్ణే," అన్నాడు. నేను సరేనన్నాను. దూడల రోజు గురించి నువ్వు రాసినప్పుడు కూడా సరేననే ఊరుకున్నాను. నువ్వు నోరు విప్పుతావేమోనని నీకు ఎర వేస్తూ ఉత్తరాలు రాశాను. నువ్వు చెబితే తప్పు నీదవుతుందని, నాది కాకుండా పోతుందని నా లెక్క. ఇంతకంటే నీచంగా నన్ను నేను చెప్పుకోలేను.

లాడ్‌కి నిన్న ఉత్తరం రాశాను. గస్‌కీ, మిగతా అందరికీ రాశాను. ఆ ఓటు లాడ్‌ది కాదని, ఎవరిదో నాకు మొదటినుంచీ తెలుసని, తెలిసీ ఊరుకున్నానని రాశాను. నీ పేరు రాయలేదు. ఇక చర్చిలో నా పక్కన ఎవరూ కూచోరు.

కోట్ల గదిలోంచి వెళ్తూ లాడ్ ఇంకో మాట కూడా అన్నాడు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. "నింద నాకొదిలెయ్. నువ్వు మాత్రం ఈ బాజాలు ఆపించి, ఇప్పుడే నా ట్రక్కెక్కి ఇంటికి పద. ఎందుకేశావని ఆమెని అడుగు," అన్నాడు. ఇంటికి ముప్ఫై ఎనిమిది మైళ్ళు. వాషింగ్టన్ రైలుకి ఇంకా గంటన్నర ఉంది.

నేను రైలెక్కాను.

ఎవరెట్