ఖాళీ గీత మీద పేరు

ఎల్మ్‌ఫోర్డ్, న్యూ హాంప్‌షైర్
ఫిబ్రవరి 12

చిరంజీవి ఆరిన్‌కు అక్క లొవీనా ప్రభువు పేర దీవించి వ్రాయునది.

సోమవారం పొద్దున ఎప్పటిలాగే అయిదింటికి లేచాను. ప్రార్థన చేసుకుని, పొయ్యిలో రెండు కట్టెలు వేసి, కోళ్ళగూటి దాకా మంచు తవ్వాను. రెండే గుడ్లు. ఓట్స్ జావ తాగి గిన్నె కడుగుతుంటే నీ ఉత్తరం వచ్చింది. వచ్చే నెల ప్రైమరీ ఎన్నికలో ఇప్పటి ప్రెసిడెంటుగారినే పార్టీ మళ్ళీ అభ్యర్థిగా ఎంచుకోవాలని, మన ఊరు ఆయనకు మెజారిటీ ఇస్తేనే నిన్ను పార్టీ మహాసభకు ప్రతినిధిగా పంపుతారని రాశావు. పదకొండేళ్ళు ఆ పార్టీకి కవర్లు అంటించావు. న్యాయమే.

టౌన్ ఆఫీసులో నమూనా బ్యాలెట్ చూశాను. ఇరవై ఒక్క పేర్లున్నాయి. ఆయన పేరు లేదు. ఆయనకు ఇష్టం లేదా?

దీవెనలతో,
లొవీనా

తా.క. ఆ పేర్లలో ఒకాయన ఒహాయోలో పళ్ళ డాక్టరట. మనూళ్ళో పళ్ళ డాక్టరు లేడు. ఆలోచించాలి.

కాంకర్డ్
ఫిబ్రవరి 17

అక్కయ్యకు వందనాలు.

ఆయనకు ఇష్టమే. ప్రైమరీ తేదీ గురించి పార్టీకీ మన రాష్ట్రానికీ పేచీ వచ్చి, ఆయన ఇక్కడ పేరు ఇవ్వలేదు. బ్యాలెట్ అడుగున ఖాళీ గీత ఉంటుంది. దానిమీద ఆయన పేరు చేత్తో రాయాలి. చర్చిలో అందరికీ చెప్పు. నా మహాసభ నీ చేతుల్లో ఉంది.

నీ తమ్ముడు
ఆరిన్

తా.క. డాక్టరు గెలిచినా మనూరికి రాడక్కా.

ఎల్మ్‌ఫోర్డ్
మార్చి 3

చిరంజీవి ఆరిన్‌కు ఆశీస్సులు.

ఆదివారం చర్చి విందులో బీన్స్ వడ్డిస్తూ నువ్వు చెప్పినట్టే చెప్పాను. ముసలి ఆబ్నర్‌కు సందేహం వచ్చింది.

"పేరు ఇవ్వలేదంటే పని వద్దన్నట్టే కదమ్మా?"

"కావాలట. అడగడట."

"అడగనివాడికి ఎవరిస్తారు?"

మన ఊరి పద్ధతి నువ్వు మరిచినట్టున్నావు. ఊరి ఎన్నికల్లో కంచెల తనిఖీ పదవికి ఎవరూ నిలబడకపోతే ఖాళీ గీత మీద ఊళ్ళో నమ్మకమైనవాళ్ళ పేరు రాస్తాం. రాశాక ఇంకొకరు దొరికేదాకా వాళ్ళు కాదనకూడదు. మన చెల్లెలు థర్జా మొగుడు వెండెల్ అలాగే తొమ్మిదేళ్ళుగా కంచెలు చూస్తున్నాడు. ఇదీ అలాంటిదేనని అందరూ తలలూపారు. అలాంటిది కాదన్నాను. దానికీ ఊపారు.

నీ అక్క
లొవీనా

తా.క. వారంలో నాకు తీరిక ఎప్పుడని నలుగురడిగారు. కోళ్ళ పని అయ్యాక తీరికే అన్నాను. ఎందుకడిగారో తెలియదు.

కాంకర్డ్
మార్చి 12

అక్కా,

ఎల్మ్‌ఫోర్డ్ ఫలితం వచ్చింది. ప్రెసిడెంటుగారికి నాలుగు. పళ్ళ డాక్టరుకు రెండు. లొవీనా బర్‌బ్యాంక్‌కు ముప్ఫై ఒకటి.

మా పార్టీ ఛైర్మన్ ఫోన్ చేసి, "ఈవిడెవరయ్యా, మీ ఇంటిపేరే ఉంది" అన్నాడు. మా అక్కే అన్నాను. ప్రతినిధుల జాబితాలో నా పేరు కొట్టేశాడు. పదకొండేళ్ళక్కా.

ఆరిన్

తా.క. ప్రెసిడెంటుగారికి వేసిన ఆ నలుగురెవరు?

ఎల్మ్‌ఫోర్డ్
మార్చి 19

చిరంజీవి ఆరిన్‌కు,

నాలుగింటిలో ఒకటి నాది. నేను ఎవరినీ అడగలేదు. "అడగలేదు కాబట్టే రాశాం, ఏ పనైనా నువ్వు వేళకి చేస్తావుగా" అన్నాడు ఆబ్నర్. నాకొద్దని టౌన్ ఆఫీసులో చెప్పాను. ఇంకొకరు దొరికేదాకా కాదనకూడదన్నారు. దేశానికి ఒకాయన ఉన్నాడు కదా అంటే, "ఉంటే పేరు ఇచ్చేవాడు" అన్నారు.

ఈరోజు మధ్యాహ్నం మీ ఛైర్మనే కారులో వచ్చాడు. తిడతాడనుకుని కుర్చీ వేశాను. రెండుసార్లు బీన్స్ పెట్టించుకుని, "అడక్కుండా ముప్ఫై ఒకటి తెచ్చినావిడ, అడిగితే ఎన్ని తెస్తారో. నవంబరు ఎన్నికల్లో మీరు మా వైపు ఉండాలి" అన్నాడు. మహాసభలో నీ స్థానం నాకిచ్చాడు. ప్రార్థన చేసుకుని చెబుతానన్నాను.

ప్రభువు నిన్ను కాచుగాక.
లొవీనా

తా.క. ఇప్పుడే రాత్రి భోజనాల దగ్గర నేను, థర్జా, వెండెల్ కూర్చుని తేల్చుకున్నాం. నేను వెళ్తాను. ఒంటరి ప్రయాణం నా వల్ల కాదు కాబట్టి నువ్వు తోడు రావాలి. ఛైర్మన్‌కు ఫోన్ చేశాను, ఒప్పుకున్నాడు. అక్కడ నా కుర్చీలో నువ్వే కూర్చో. వెనక గోడ వారన నాకో బల్ల చాలు. ఓటుకి చేతులెత్తమన్నప్పుడు మాత్రం లేచి పక్కకి జరుగు, నేను వచ్చి ఎత్తి పోతాను.